కూజా నుంచి కోణం దాకా: విన్నిపెగ్ చిత్రకారుడు ఫిట్జెరాల్డ్

కెనడాకు రెండు అధికార భాషలు. బల్ల మీద నాలుగు పళ్ళు, ఒక కూజా, ఒక పూలకుండీ పెట్టుకుని వేసే బొమ్మకు ఆ రెండు భాషల్లోనూ రెండు పేర్లున్నాయి. ఇంగ్లీషువారు దానిని 'స్టిల్ లైఫ్' అన్నారు, అంటే కదలక నిలిచిన జీవితం. ఫ్రెంచివారు 'నత్యూర్ మోర్త్' అన్నారు, అంటే ప్రాణం పోయిన ప్రకృతి. మనవాళ్ళు జీవితం, మరణం రెండింటి జోలికీ పోకుండా 'నిశ్చల చిత్రం' అని ఊరుకున్నారు. ఒకే బల్లను చూసి ఒక భాష ప్రాణముందంటుంది, మరొక భాష లేదంటుంది. ఇరవయ్యో శతాబ్దపు నడిమి దశకాలలో కెనడా చిత్రకళలో నైరూప్యం గురించి సాగిన వాదం కూడా ఒక విధంగా ఈ రెండు పేర్ల మధ్య సాగిన వాదమే. మాంట్రియాల్‌లో కొందరు యువకులు వస్తువుకు ఇక ప్రాణం లేదని తేల్చి, దానిని కాన్వాసు నుంచి తొలగించి, గీతనూ రంగునూ మాత్రమే మిగుల్చుకున్నారు. విన్నిపెగ్‌లో ఒక బడిపంతులు అదే వస్తువును మూడు దశాబ్దాల పాటు చూసి చూసి, దానిలో నుంచే జ్యామితిని బయటికి తీశాడు. చరిత్ర పుస్తకాలలో మొదటి కథకు అధ్యాయాలు దక్కాయి. రెండో కథకు చాలాచోట్ల ఒకటి రెండు పేరాలతోనే సరి.

ఆ పంతులు పేరు లయొనెల్ లెమోయిన్ ఫిట్జెరాల్డ్. 1890లో విన్నిపెగ్‌లో పుట్టి, 1956లో అక్కడే కన్నుమూశాడు. పద్నాలుగేళ్ళకే బడి మాని ఆఫీసు పనిలో చేరినవాడు, సాయంత్రపు తరగతులలో బొమ్మలు నేర్చుకున్నవాడు. 1921-22 శీతకాలం న్యూయార్క్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో చదివి వచ్చి, 1924లో విన్నిపెగ్ స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో ఉపాధ్యాయుడయ్యాడు. 1929 నుంచి 1949 దాకా ఆ బడికి ప్రిన్సిపాల్. అంటే మహా మాంద్యమూ, రెండో ప్రపంచయుద్ధమూ ఆయన ఉద్యోగకాలంలోనే గడిచాయి. బొమ్మ వేసుకోవడానికి మిగిలేవి సాయంత్రాలు, వారాంతాలు, వేసవి సెలవులు. ఆయన చిత్రాల సంఖ్య తక్కువగా ఉండడానికీ, అవి ఇంటినీ పెరటినీ దాటి ఎక్కువ దూరం పోకపోవడానికీ స్వభావం ఎంత కారణమో ఈ దినచర్య కూడా అంత కారణం.

ఆనాటి కెనడా కళాలోకంలో నిశ్చల చిత్రానికి పెద్ద మర్యాద లేదు. 1920లో టొరంటోలో తొలి ప్రదర్శన జరిపిన 'గ్రూప్ ఆఫ్ సెవెన్' చిత్రకారులు దేశానికి ఒక ముఖం కావాలనుకున్నారు. ఉత్తరపు సరస్సులలో, రాళ్ళలో, గాలికి వంగిన పైన్ చెట్లలో వారికి ఆ ముఖం కనిపించింది. కెనడా అంటే మనిషి లేని విశాలమైన అడవి అన్న భావన వారి చిత్రాల వల్లనే స్థిరపడింది. అంతటి దేశాన్ని వదిలి, వంటింటి బల్ల మీది ఆపిల్ పండును బొమ్మ వేయడం ఆ వాతావరణంలో చిన్న పనిగానే కనిపించి ఉండాలి. విచిత్రమేమంటే 1932లో ఆ బృందం ఆఖరి సభ్యుడిగా ఆహ్వానించినది ఫిట్జెరాల్డ్‌నే. మరుసటి ఏడాదే బృందం రద్దయి, దాని స్థానంలో 'కెనేడియన్ గ్రూప్ ఆఫ్ పెయింటర్స్' ఏర్పడింది. టొరంటోకు రైల్లో దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆయన ఆ బృందంలో పేరుకు సభ్యుడే తప్ప, వారి అడవుల యాత్రలలో పాలుపంచుకున్నవాడు కాదు.

ఆయన ఊరు మైదానం మధ్యలో ఉంది. ప్రెయిరీ మైదానంలో కన్ను ఆగడానికి కొండ ఉండదు. దిగంతం ఒక అడ్డగీత. దాని మీద నిలువుగా లేచేవి ఒక చెట్టు, ఒక ధాన్యపు గోదాము, ఒక టెలిగ్రాఫ్ స్తంభం. శీతకాలంలో మంచు రంగులన్నిటినీ తుడిచేశాక మిగిలేది ఈ అడ్డగీత, ఈ నిలువుగీతలే. ఫిట్జెరాల్డ్ ప్రసిద్ధ చిత్రం 'డాక్ స్నైడర్స్ హౌస్' 1931 నాటిది. ఇప్పుడు ఆటవాలోని నేషనల్ గ్యాలరీలో ఉంది. అందులో ఉన్నది మంచులో ఒక పొరుగిల్లు, ఆకులు లేని కొన్ని చెట్లు, అంతే. కాని ఇంటి గోడల పలకలూ, చెట్ల బోదెల గుండ్రదనమూ, నీడల వాలూ ఎంత కొలిచినట్లు అమరాయంటే, చూపరికి అది ఇల్లు అని తెలిసేలోపే అమరిక తెలుస్తుంది. ప్రకృతిలోని రూపాలను స్తూపం, గోళం, శంకువుల ఆధారంగా చూడమని సెజాన్ 1904లో ఒక యువ మిత్రుడికి రాసిన ఉత్తరం ఆధునిక చిత్రకళకు సూత్రవాక్యం వంటిదైంది. ఫిట్జెరాల్డ్ ఆ సూత్రాన్ని పారిస్‌లో నేర్చుకోలేదు. న్యూయార్క్ చదువులోనూ, 1930లో అమెరికా, తూర్పు కెనడా నగరాల మ్యూజియంలు చూడడానికి చేసిన ప్రయాణంలోనూ గ్రహించి, తన పెరటిలో పరీక్షించుకున్నాడు.

1930ల నుంచి ఆయన చూపు పెరటి నుంచి కిటికీకి, కిటికీ నుంచి బల్లకు చేరింది. 1938లో వేసిన 'ద జార్', 1947లో వేసిన 'ద లిటిల్ ప్లాంట్', 1950-51 ప్రాంతంలో వేసిన 'ఫ్రమ్ యాన్ అప్‌స్టెయిర్స్ విండో, వింటర్' ఈ దారిలోని మజిలీలు. చివరి దానిలో కిటికీ గట్టు మీద ఒక కూజా ఉంటుంది, కిటికీ బయట మోడు చెట్టు, పొరుగిళ్ళ కప్పులు ఉంటాయి. లోపలి వస్తువుకూ బయటి ప్రపంచానికీ మధ్య ఉన్నది కిటికీ చట్రం, అంటే కొన్ని సరళరేఖలు. కూజా వంపు, కొమ్మల వంపు ఒకదానికొకటి జవాబు చెబుతుంటాయి. ఇది నిశ్చల చిత్రమా, ప్రకృతి దృశ్యమా అని అడిగితే రెండూ అనాలి. ఇంకొంచెం ఆగి చూస్తే, రెండింటికీ కింద ఉన్న మూడోది ఒకటి కనిపిస్తుంది. రేఖల మధ్య ఉన్న సంబంధమే ఆ మూడోది. ఆయన తరువాతి నైరూప్య చిత్రాలకు విత్తనం అక్కడ ఉంది.

ఈ కథలో ఇద్దరు మిత్రుల పాత్ర ఉంది. మొదటివాడు బెర్‌ట్రమ్ బ్రూకర్. ఇంగ్లండ్‌లో 1888లో పుట్టి, 1905లో మానిటోబాకు వలస వచ్చి, ప్రకటనల వృత్తిలో టొరంటోలో స్థిరపడినవాడు. రచయిత కూడా. 'థింక్ ఆఫ్ ది ఎర్త్' అన్న ఆయన నవల కాల్పనిక సాహిత్యానికి ఇచ్చిన తొలి గవర్నర్ జనరల్ పురస్కారాన్ని అందుకుంది. 1927లో టొరంటోలోని ఆర్ట్స్ అండ్ లెటర్స్ క్లబ్‌లో ఆయన తన నైరూప్య చిత్రాలు ప్రదర్శించాడు. కెనడాలో ఒక చిత్రకారుడు నైరూప్య చిత్రాలతో జరిపిన తొలి ప్రదర్శనగా దానిని చెబుతారు. సంగీతం విన్నప్పుడు మనసులో మెదిలే ఆకారాలను శంకువులుగా, గొట్టాలుగా, కాంతి కడ్డీలుగా గీసేవాడు. 1928 నాటి 'సౌండ్స్ అసెంబ్లింగ్' అందుకు ఉదాహరణ. 1929లో విన్నిపెగ్‌లో ఫిట్జెరాల్డ్‌ను కలిశాక ఈయన దారి మళ్ళింది. ఆకాశంలో తిరిగే శంకువులను వదిలి, కంటి ముందున్న వస్తువును శ్రద్ధగా గీయడం మొదలుపెట్టాడు. నైరూప్యంతో మొదలైనవాడు వస్తువు దగ్గరకు వచ్చాడు. వస్తువుతో మొదలైనవాడు రెండు దశాబ్దాల తర్వాత నైరూప్యానికి వెళ్ళాడు. ఒకే తోవలో ఎదురెదురుగా నడిచిన మిత్రులు వీరు. ఈ ఒక్క స్నేహం చాలు, వాస్తవ చిత్రణ నుంచి నైరూప్యానికి ఎక్కడమే కళకు పురోగతి అన్న సిద్ధాంతం ఎంత బలహీనమో చెప్పడానికి.

రెండోవాడు లారెన్ హ్యారిస్. గ్రూప్ ఆఫ్ సెవెన్‌కు నాయకుని వంటివాడు. మంచుకొండలను గీస్తూ గీస్తూ 1930ల నడుమ పూర్తి నైరూప్యంలోకి వెళ్ళి, 1940లో వాంకూవర్ చేరాడు. హ్యారిస్ దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. జ్యామితీయ రూపాలు కంటికి కనిపించని సత్యానికి సంకేతాలన్న నమ్మకం ఆ సమాజపు ఆలోచనల నుంచి వచ్చింది. ఆ సమాజానికి కేంద్రం మద్రాసు అడయారు. డచ్చి చిత్రకారుడు మోంద్రియాన్ కూడా 1909లో ఆ సమాజంలో చేరాడు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి అనే బాలుడిని అడయారు సముద్రతీరంలో గుర్తించి చేరదీసినదీ ఆ సంవత్సరమే. పాశ్చాత్య నైరూప్య చిత్రకళ పుట్టుకను చెప్పుకునేటప్పుడు పారిస్, మ్యూనిక్, మాస్కోల పక్కన అడయారును కూడా తలచుకోవడం దురభిమానం కాదు, చరిత్రే.

1940ల తొలి అర్ధంలో వేసవులు బ్రిటిష్ కొలంబియా తీరంలోని బోవెన్ దీవిలో గడిపినప్పుడు ఫిట్జెరాల్డ్‌కు హ్యారిస్ సాంగత్యం దొరికింది. ఆయన నైరూప్యానికి మళ్ళడంలో ఆ సంభాషణల పాలు ఉండకపోదు. కాని హ్యారిస్ త్రిభుజాలు ఆకాశం వైపు చూస్తాయి. ఫిట్జెరాల్డ్ రూపాలు బల్లను మరిచిపోవు. 1954లో వేసిన 'అబ్‌స్ట్రాక్ట్: గ్రీన్ అండ్ గోల్డ్' ఇప్పుడు విన్నిపెగ్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. దానిలో పేరు పెట్టి పిలవగలిగిన వస్తువేదీ లేదు. ఆకుపచ్చ, బంగారు ఛాయల తలాలు ఒకదానిలోకి ఒకటి ఒదిగి ఉంటాయి. అయినా ఆపిల్ పండు మీద వెలుగు నీడలోకి జారే పద్ధతి, కూజా అంచు దగ్గర రంగు పలుచబడే పద్ధతి అక్కడ అలాగే ఉన్నాయి. వస్తువు వెళ్ళిపోయింది, దానిని చూసిన చూపు మిగిలింది. ఆ మరుసటి ఏడాది ఆయన మళ్ళీ ఒక టోపీని ముందు పెట్టుకుని నిశ్చల చిత్రం వేశాడు. అంటే ఆయన ఒక గట్టు వదిలి మరో గట్టు చేరలేదు. రెండు గట్లకూ మధ్య రాకపోకలు సాగించాడు.

అదే కాలంలో మాంట్రియాల్‌లో జరిగినది ఇందుకు పూర్తిగా భిన్నం. పదునాలుగేళ్ళు పారిస్‌లో గడిపిన ఆల్‌ఫ్రెడ్ పెల్లాన్ 1940లో తిరిగి వస్తూ, క్యూబిజం నేర్పిన ముక్కలు చేసిన బల్లలనూ, పాత్రలనూ వెంట తెచ్చాడు. 1948లో పోల్-ఎమీల్ బోర్దువా, ఆయన శిష్యులు 'రఫ్యూ గ్లోబాల్' అనే ప్రకటన వెలువరించి, క్యెబెక్‌లో చర్చి, ప్రభుత్వం కలిసి మనుషుల మనసులపై నడుపుతున్న పెత్తనాన్ని తిరస్కరించారు. ఫలితంగా బోర్దువా పంతులు ఉద్యోగం పోయింది. 1955లో రొదోల్ఫ్ ద రపాంతిన్యీ అనే పత్రికా విమర్శకుడు 'జొరాఁ' అనే మారుపేరుతో, లూయీ బెల్జీల్, ఝాఁ-పోల్ జెరోమ్, ఫెర్నాఁ తూపాఁలతో కలిసి 'ప్లాస్టిసియాఁ' ప్రకటన చేశాడు. వర్ణం, స్పర్శగుణం, రూపం, రేఖ, వీటి మధ్య ఐక్యత: చిత్రంలో పట్టించుకోవలసినవి ఇవేనని వారి వాదం. మోంద్రియాన్‌ను గురువుగా తలచుకున్నారు. ఆ ఏడాదే గిడో మోలినారి నైరూప్య చిత్రాల కోసమే 'లాక్త్యుయెల్' అనే గ్యాలరీ తెరిచాడు. ఆయనా, క్లోద్ తూసిన్యాఁ కలిసి గీతల అంచులను మరింత కటువుగా, రంగులను మరింత చదునుగా మార్చారు.

మాంట్రియాల్ యువకుల తొందరను తేలికగా తీసిపారేయకూడదు. ఏ బొమ్మ వేయాలో, ఏ పుస్తకం చదవాలో పైవారు నిర్ణయించే సమాజంలో, కొలబద్దతో గీసిన ఒక అంచు కూడా స్వేచ్ఛా ప్రకటనే. పాత బొమ్మల బల్ల వారికి పాత ఇంటిని గుర్తుచేసింది, కనుక ఆ బల్లను బయట పడేశారు. ఫిట్జెరాల్డ్‌కు అటువంటి పోరాటం లేదు. ఆయన మీద ఉన్న ఒత్తిడి వేరు. కళా కేంద్రాలకు దూరమైన ఊరు, పగలంతా తినేసే ఉద్యోగం, తన పని ఎటు పోతోందో మాట్లాడుకోవడానికి ఉత్తరాలే దిక్కైన ఒంటరితనం. అటువంటి చోట ప్రకటన రాసినా చదివేవారుండరు. కనుక ఆయన రాయలేదు. చరిత్రకారులకు ప్రకటనలంటే ఇష్టం. వాటికి తేదీ ఉంటుంది, సంతకాలుంటాయి, ఎవరితో తగవో స్పష్టంగా ఉంటుంది. ప్రకటన రాయనివాడి మార్పు ఏ రోజు జరిగిందో చెప్పలేము. అందువల్ల అతడు అధ్యాయం కాలేడు.

మాంట్రియాల్‌లోనే ప్రకటనల సందడికి పక్కగా నడిచిన మరొకరున్నారు. మేరియన్ డేల్ స్కాట్ 1906లో పుట్టింది. 1930లలో మొక్కల కాడలనూ, మొగ్గలనూ దగ్గరగా, పెద్దవిగా చేసి గీసేది. ఒత్తిడి మీద పరిశోధనలతో తరువాత ప్రపంచ ఖ్యాతి పొందిన వైద్య శాస్త్రజ్ఞుడు హాన్స్ సెల్యే అప్పుడు మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. ఆయన కోరిక మీద 1943లో ఆమె అక్కడ 'ఎండోక్రైనాలజీ' అనే కుడ్యచిత్రాన్ని వేసింది. మొక్క నుంచి కణానికి, కణం నుంచి క్రమంగా శుద్ధ జ్యామితికి ఆమె ప్రయాణం సాగింది. సూక్ష్మదర్శిని కింద కణజాలం చూసినవారికెవరికైనా ఇది వింతగా తోచదు. వాస్తవాన్ని తగినంత దగ్గరగా చూస్తే అది నైరూప్యంగానే కనిపిస్తుంది. పేరు చెప్పేవారు లేకపోతే అది కాలేయమో, పూలరేకో తెలియదు. నైరూప్యం వాస్తవానికి దూరంగా పారిపోవడమన్న నింద ఇక్కడ నిలవదు. చాలాసార్లు అది మరీ దగ్గరగా వెళ్ళిన ఫలితం.

టొరంటోలో ఈ కథకు కొంత హాస్యం కలిసింది. 1953లో సింప్సన్స్ అనే పెద్ద దుకాణంలో 'అబ్‌స్ట్రాక్ట్స్ ఎట్ హోమ్' పేరుతో ఏడుగురి నైరూప్య చిత్రాలను సోఫాలు, దీపాలు, కుర్చీల నడుమ గోడలకు వేలాడదీశారు. కొనేవారు భయపడకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. ఆ పరిచయాల నుంచే 'పెయింటర్స్ ఎలెవెన్' బృందం పుట్టింది. నాలుగు వందల ఏళ్ళు చిత్రం లోపల కూర్చున్న పూలకుండీ బయటికి వచ్చి, చిత్రం ముందు నిలబడింది. వస్తువు నిజంగా ఎక్కడికీ పోలేదు.

మోంద్రియాన్ ఆధారం కూడా ఈ వాదానికి బలమే. 1911-12లలో ఆయన అల్లపు జాడీ ఉన్న నిశ్చల చిత్రాలు రెండు వేశాడు. మొదటిదానిలో బల్లా, పాత్రలూ గుర్తుపట్టవచ్చు. రెండోదానిలో చుట్టుపక్కల సమస్తం గీతలైపోగా, గుండ్రటి జాడీ ఒక్కటే జాడీగా మిగిలింది. ప్లాస్టిసియాఁలు గురువుగా తలచుకున్న మనిషి సైతం గీతల దగ్గరకు జాడీ మీదుగానే వచ్చాడు. శిష్యులకు గమ్యం నచ్చింది, దారి అక్కరలేకపోయింది.

తెలుగు పాఠకునికి ఈ చర్చ దూరపు దేశపు సంగతి కానక్కరలేదు. నైరూప్యమంటే అర్థం కానిదనీ, అరువు తెచ్చుకున్నదనీ మన దగ్గరా ఒక అభిప్రాయం గట్టిగానే ఉంది. తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ జీవితాంతం కళ గురించి తెలుగులో రాసినా ఆ అపోహ పూర్తిగా పోలేదు. కరీంనగర్ జిల్లాలో పుట్టిన పి.టి. రెడ్డి బొంబాయిలో చదివి, ఎన్నో శైలులు దాటి, తాంత్రిక జ్యామితిని చేరుకున్నాడు. గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు మద్రాసు, లండన్‌ల మీదుగా అమెరికా చేరి నైరూప్య చిత్రకారుడిగా నిలిచాడు. వీరికన్నా ముందు నుంచీ తెలుగువారి వాకిళ్ళలో పేరు తెలియని స్త్రీలు తెల్లవారకముందే చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికలు తిప్పి, ఏ వస్తువునూ పోలని రూపాలను నేల మీద గీశారు. ముగ్గు చూసి ఇది దేని బొమ్మ అని ఎవరూ అడగలేదు. గోడకు వేలాడదీసిన చట్రంలో అటువంటిదే కనిపిస్తే మాత్రం అడుగుతారు. తేడా రూపంలో లేదు, అలవాటులో ఉంది.

ఫిట్జెరాల్డ్‌ను మరీ పెద్దవాడిని చేయనవసరం లేదు. ఆయన నైరూప్య చిత్రాలు సంఖ్యలో తక్కువ. వాటిలో మోలినారి సాహసం లేదు, బోర్దువా ఆగ్రహం లేదు. 1954 నాటికి టొరంటో, మాంట్రియాల్ యువకులు ఆయనను దాటి చాలా దూరం పోయారు. అయితే 1988లో విన్నిపెగ్ ఆర్ట్ గ్యాలరీ ఆయన చివరి పద్నాలుగేళ్ళ కృషిని మైకేల్ పార్క్-టేలర్ నిర్వహణలో ప్రదర్శించినప్పుడు ఆ ప్రదర్శనకు పెట్టిన పేరుకు 'ప్రకృతితో ఏకాంతంలో' అని అర్థం. ఆ ఏకాంతం చరిత్రకు ఒక ప్రశ్న వేస్తుంది. ఆధునికత అంటే తెంచుకోవడమే అయితే, తెంచుకోకుండా అక్కడికి చేరినవారిని ఏమని పిలవాలి?

నేషనల్ గ్యాలరీలో 'ఫ్రమ్ యాన్ అప్‌స్టెయిర్స్ విండో' ముందు నిలబడినవారికి జవాబు కొంత దొరుకుతుంది. ఆ కూజా చచ్చిన ప్రకృతి కాదు. కిటికీ చట్రాన్నీ, మోడు చెట్టునూ, శీతకాలపు వెలుగునూ అదే పట్టి నిలుపుతోంది. దానిని తీసేస్తే మిగిలే గీతలు అందంగానే ఉండవచ్చు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో మాత్రం ఇక తెలియదు.